నెల్లూరులో ఈడీఎం అభిమానుల సర్వే: ఎవరిని అడిగాం, ఎలా అడిగాం

నెల్లూరులో పెళ్లిళ్లకీ నిమజ్జనాలకీ సౌండ్ బాక్సులు, లైటింగ్ అద్దెకిచ్చే వ్యాపారి ఒకాయన మాకు ఇచ్చిన పని ఇది. మైపాడు దారిలో ఒక రిసార్టు మాట్లాడుకుని, టికెట్టు పెట్టి, సినిమా పాట ఒక్కటీ లేకుండా పూర్తిగా ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్‌తో (ఈడీఎం అంటే అదే) ఒక కార్యక్రమం చెయ్యాలని ఆయన ఆలోచన. గోవాలో 2007లో సన్‌బర్న్ అనే ఈడీఎం ఉత్సవం మొదలైంది, ఇన్నేళ్లయినా ఇలాంటివి పెద్ద ఊళ్లకే అన్నట్టుగా ఉండిపోయాయి, మన కుర్రాళ్లు చెన్నైకో బెంగళూరుకో పోయి డబ్బు తగలేసి వస్తున్నారు అని ఆయన బాధ. స్పాన్సర్ల ముందు పెట్టడానికి ఒక సర్వే రిపోర్టు కావాలి.

మేం మామూలుగా చేసేవి రొయ్యల మేత డీలర్ల సర్వేలు, ప్రైవేటు కాలేజీలకు అడ్మిషన్ల సర్వేలు. పద్ధతి ఒకటే గనక ఒప్పుకున్నాం. ఒప్పుకునే ముందు ఒక షరతు మాత్రం రాతలో పెట్టించాం. ఫలితం ఎటు వచ్చినా ప్రశ్నావళి మొత్తం, పట్టికలు మొత్తం రిపోర్టులో ఉంటాయి. నచ్చిన పేజీ చింపుకుని స్పాన్సరుకు చూపిస్తానంటే కుదరదు. "నాకేం భయం సార్, జనం కావాలనే అంటారు" అని ఆయన సంతకం పెట్టారు. వచ్చిన అంకెలు ఆయన సొత్తు, వాటిని ఇక్కడ పెట్టడం లేదు. సర్వే ఎలా కట్టామో చెప్తాను.

ఆయన తెచ్చిన ఫామ్

అప్పటికే ఆయన ఒక గూగుల్ ఫామ్ చేయించి ఉంచారు. మొదటి ప్రశ్న: "గోవా లెవెల్లో మన నెల్లూరులో కూడా అదిరిపోయే ఈడీఎం నైట్ పెడితే మీరు వస్తారు కదా?" జవాబులు మూడు. తప్పకుండా వస్తాను, ఫ్రెండ్స్‌తో వస్తాను, డేటును బట్టి వస్తాను. రాను అనేవాడికి ఆ ఫామ్‌లో చోటే లేదు.

దీన్ని చూసి నవ్వుకోవడం తేలికే. "అదిరిపోయే" కొట్టేసి, "రాను" చేర్చి, చివర "కదా" తీసేస్తే ప్రశ్న బాగుపడుతుంది. సర్వే మాత్రం అప్పటికీ బాగుపడదు. ఆ ఫామ్ వెళ్లేది ఆయన ఇన్‌స్టా పేజీకి, ఆయన దగ్గర బాక్సులు తీసుకునే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులకి. అక్కడ ఎంత నిక్కచ్చిగా అడిగినా ఆయన గొంతే ఆయనకు తిరిగి వినపడుతుంది. ప్రశ్నలో తప్పు ఉంటే చదివినవాడికి కనపడుతుంది. మనుషుల్ని ఎంచుకోవడంలో తప్పు జరిగితే రిపోర్టు ఎంత తిప్పి చూసినా కనపడదు, పైగా అంకెలు ముచ్చటగా ఉంటాయి. అందుకే ఈ పనిలో మా శ్రమలో ముప్పాతిక భాగం ప్రశ్నలు రాయకముందే అయిపోయింది.

ఇంకో ముడి కూడా ముందే విప్పుకోవాల్సి వచ్చింది. నెల్లూరు యువతలో ఈ సంగీతం ఇష్టపడేవాళ్లు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న. ఇష్టపడేవాళ్లు ఏమనుకుంటున్నారు అన్నది వేరే ప్రశ్న. ఆయన మాటల్లో రెండూ కలిసిపోయి వచ్చేవి. మొదటిదానికైతే ఇంటింటికీ తిరగాలి. ముందు వార్డులు చీటీ తియ్యాలి, తర్వాత ఇళ్లు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరిని అడగాలో కూడా. తలుపు తీసినవాళ్లనే అడిగితే మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండేవాళ్లతోనే సర్వే నిండిపోతుంది. ఆ చిక్కు తప్పించడానికే లెస్లీ కిష్ 1949లో ఇంట్లో మనిషిని ఎంచుకునే పట్టిక ఒకటి ఇచ్చాడు, ఇప్పటికీ వాడుతున్నాం. ఇక్కడ అంత ఖర్చు పెట్టే స్థితి లేదు. అందుకని రెండో ప్రశ్నకే పరిమితమయ్యాం. "ఊళ్లో అభిమానులు ఎంతమంది ఉన్నారో ఈ సర్వే చెప్పదు" అన్న వాక్యాన్ని రిపోర్టు మొదటి పేజీలో, లావు అక్షరాల్లో వేశాం. ఆ వాక్యం ఆయనకు నచ్చలేదు. ఉంచాం.

ఎవరిని అభిమాని అనాలి

మన ఊళ్లలో "మీకు డీజే ఇష్టమా" అని అడిగితే వచ్చే అవును దేనికీ పనికిరాదు. నిమజ్జనం బండి మీద గుండె అదిరేలా మోగే సినిమా రీమిక్సూ డీజేనే, పెళ్లి బరాత్‌లో మోగేదీ డీజేనే, హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని ఇయర్‌ఫోన్స్‌లో టెక్నో వినే ఇంజినీరింగ్ కుర్రాడికి కావలసిందీ డీజేనే. అందుకని పేర్లు అడగడం మానేసి, వినిపించాం.

ఇరవై సెకన్ల ముక్కలు ఆరు తయారు చేయించాం. నాలుగు ఈడీఎంలోని రకాలు: నిమిషానికి 120, 130 బీట్ల మధ్య నడిచే హౌస్ ఒకటి, దానికి దగ్గరి చుట్టమైన టెక్నో ఒకటి, 140 దగ్గర ఆగి ఆగి మోగే డబ్‌స్టెప్ ఒకటి, 170 దాటి పరిగెత్తే డ్రమ్ అండ్ బేస్ ఒకటి. వీటి పక్కన సినిమా రీమిక్సుల ఫక్కీలో కట్టిన బీటు ఒకటి, పలకల దరువుకు ఎలక్ట్రానిక్ బేస్ కలిపినది ఒకటి. అన్నీ ఈ పని కోసం కట్టించినవే, జనానికి తెలిసిన పాట ఒక్కటీ లేదు, గొంతు వినపడేది ఒక్కటీ లేదు. తెలిసిన పాట పెడితే సంగీతం పక్కకు పోయి హీరోకు ఓటు పడుతుంది.

ఆరింటి మోతనూ సమం చేయించాం. చెవికి కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టు తోస్తుంది. ఈ విషయంలో మా క్లయింటు మాకంటే అనుభవజ్ఞుడు. రెండు బాక్సులు పక్కపక్కన పెట్టి చూపించేటప్పుడు అమ్మదలుచుకున్నదానికి పిసరంత వాల్యూమ్ పెంచడం ఆ లైనులో అందరికీ తెలిసిన కిటుకేనట. అందరికీ ఒకే రకం హెడ్‌ఫోన్లు ఇచ్చాం, ముక్కల వరస మనిషి మనిషికీ మారేలా ట్యాబ్‌లో పెట్టాం. మొదట విన్నదానికీ చివర విన్నదానికీ దక్కే లాభం ఏ ఒక్కదానికో పోకుండా అది.

విన్న తర్వాత అలవాట్లు అడిగాం. ఇలాంటిది మీ అంతట మీరు పెట్టుకుని చివరిసారి ఎప్పుడు విన్నారు? దీని కోసం ఎప్పుడైనా డబ్బు పెట్టారా, ఊరు దాటి వెళ్లారా? మీరే ఎప్పుడైనా మిక్స్ చేశారా? "నేను పెద్ద ఫ్యాన్‌ని" అని చెప్పుకున్న మాటకు మార్కులు వెయ్యలేదు.

ఇక్కడ మా టీములోనే గొడవ వచ్చింది. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లలో ఇద్దరు ఈ సంగీతం బాగా వినేవాళ్లు. "సార్, రీమిక్సులు వినేవాళ్లు ఈడీఎం ఫ్యాన్సే కాదు, వాళ్లని తీసెయ్యకపోతే డేటా కంపయిపోతది" అని పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. హౌస్ అన్నది 1980ల మొదట్లో చికాగోలో పుట్టిందే రీమిక్సులోంచి. వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ డిస్కో రికార్డుల్ని సాగదీసి, కోసి, అతికి ఆడించాడు. ఆ క్లబ్బు పేరే ఈ సంగీతానికి పేరైంది అంటారు. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నో కట్టింది కూడా చౌక యంత్రాలతోనే. అలాంటి సంగీతానికి నెల్లూరులో మేం తలుపు దగ్గర నిలబడి నువ్వు అసలు, నువ్వు నకిలీ అని చీటీలు ఇస్తే, ఇంగ్లిష్ మీడియంలో చదివి స్పాటిఫై డబ్బు కట్టగలిగిన వాళ్లే మిగులుతారు. కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు జనరేటర్ బండి తోలుతాడు, ఊరేగింపు కదిలే లోపల ఫోన్‌లో బీట్లు కట్టుకుంటాడు. డ్రాప్, అంటే ఆగిన దరువు ఒక్కసారిగా విరుచుకుపడేది, ఎక్కడ పడితే జనం ఎగురుతారో, ఎక్కడ పడితే పోలీసాయన వస్తాడో రెండూ చెప్పగలడు. అతన్ని వదిలేసి ఎవరి అభిప్రాయం రాయాలి?

ఎవర్నీ తీసెయ్యలేదు, మూడు గుంపులుగా విడదీశాం. సొంతంగా వెతుక్కుని వినేవాళ్లు. ఎక్కడైనా మోగితే ఎగిరేవాళ్లు కానీ ఇంట్లో విననివాళ్లు. ప్రధానంగా రీమిక్సుల వాళ్లు. ప్రతి పట్టికలోనూ మూడూ విడివిడిగా కనపడాలి. ఈ నిర్ణయం చివర్లో ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

వాళ్లు దొరికే చోటు

ఈ అభిమానులకు ఓటర్ల జాబితా లాంటిది ఏదీ లేదు. జాబితా లేనప్పుడు అందరూ చేసే పని, దొరికినవాళ్లను అడిగెయ్యడం. సాయంత్రం మాగుంట లేఅవుట్‌లో నిలబడితే గంటలో ముప్పై మంది దొరుకుతారు. అందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు.

మేం రెండు దారులు వాడాం. ఒకటి, చోటు-వేళల జాబితా. కాలేజీ గేట్లు, జిమ్ములు, టర్ఫ్ క్రికెట్ గ్రౌండ్లు, ట్రంకు రోడ్డు పక్కన ఇయర్‌ఫోన్స్ అమ్మే షాపులు, ఆర్టీసీ బస్టాండు, వేదాయపాళెం దగ్గర టీ అంగళ్లు, కావలి వైపు పొద్దున్నే బయల్దేరే ఉద్యోగుల బస్సులు. ఒక్కో చోటునీ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని విడగొట్టి, చీటీలు వేసి తీశాం. చీటీ పడ్డ చోట, పడ్డ వేళకు వెళ్లి నిలబడాలి. దాటిపోయే ప్రతి అయిదో మనిషినీ ఆపాలి. నవ్వు మొహం వాళ్లను ఏరుకోవడానికి వీల్లేదు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి బస్టాండు అని చీటీ పడితే మా పిల్లలు మొహం మాడ్చుకుని వెళ్లేవాళ్లు. కానీ పాలిటెక్నిక్ పాసై పనికోసం తిరిగే కుర్రాళ్లు దొరికింది ఆ వేళల్లోనే.

రెండోది, ఒకరి ద్వారా ఒకర్ని చేరడం. మామూలుగా దీన్ని అడ్డూ అదుపూ లేకుండా చేస్తారు. లింకు పంపి "మీ ఫ్రెండ్స్‌కి ఫార్వర్డ్ చెయ్యండి" అంటారు. రెండొందల మంది స్నేహితులున్నవాడి గుంపు మొత్తం వచ్చి పడుతుంది, ఒంటరిగా వినేవాడు రాడు. డగ్లస్ హెకథార్న్ 1997లో ప్రతిపాదించిన పద్ధతిలో దీనికొక కళ్లెం ఉంది. తెలిసినవాళ్లకు పంచమని ఒక్కొక్కరికి లెక్కగా కొన్ని కూపన్లే ఇస్తారు, ఏ కూపను ఎవరి నుంచి వచ్చిందో రాసుకుంటారు. మేం మూడేసి ఇచ్చాం. "ఈ సంగీతం వినేవాళ్లు, మీకు పేరు తెలిసి పోయిన నెలలో మీరు కలిసినవాళ్లు ఎంతమంది" అని ప్రతి ఒక్కరినీ అడిగాం. ఎక్కువ మందిని ఎరిగినవాడు సర్వేలో పడే అవకాశం ఎక్కువ, కాబట్టి లెక్కలో అతని బరువు తగ్గించాలి. ఎవర్నీ ఎరగనివాడి బరువు పెంచాలి.

అసలు కష్టం ఆడపిల్లల దగ్గర వచ్చింది. కార్యక్రమాల్లోనో ఊరేగింపుల్లోనో సర్వే చేస్తే ఈ సంగీతానికి ఆడవాళ్లు లేరనే తేలుతుంది. ఉన్నారు, ఇయర్‌ఫోన్స్ చాటున ఉన్నారు. ఒక కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర మా అమ్మాయి పలకరించిన గుంపులో ఒక పిల్ల "ఛ, అవన్నీ అబ్బాయిలు వినేవి అక్కా, మేం వినం" అని నలుగురి ముందూ తేల్చేసింది. మా పద్ధతి ప్రకారం అక్కడితో వదలకూడదు, ఎవరికి వాళ్లకు ట్యాబు, హెడ్‌ఫోన్లు ఇచ్చి కాస్త దూరంగా కూర్చోబెట్టాలి. అదే పిల్ల నాలుగో ముక్క మొదలవగానే తల ఎత్తకుండా వేలితో మోకాలి మీద తాళం వేసింది. ముక్క ఏ రకానిదో అడిగిన చోట "డ్రమ్ అండ్ బేస్" అని తనే టైపు చేసింది. వినేది రోజూ, రాత్రి పదకొండు తర్వాత. కార్యక్రమానికి వెళ్తారా అన్నచోట "వెళ్లను", కారణం దగ్గర "తిరిగి ఇంటికి ఎలా రావాలి" అని ఒక్క ముక్క. ఈ జవాబు నలుగురిలో నోటితో అడిగితే ఎన్నటికీ రాదు. ఆ తర్వాత ఆడపిల్లలున్న చోట్లకు ఆడవాళ్లనే పంపాం, పక్కనెవరైనా తొంగి చూస్తుంటే ఆ ఇంటర్వ్యూ వాయిదా వేశాం.

18 నిండనివాళ్లను అడగలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్లను పిల్లలుగా చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఇంటర్ పిల్లల్లో ఈ సంగీతం వినేవాళ్లు బోలెడుమంది. వాళ్లు లేరన్న సంగతి రిపోర్టులో రాశాం.

సర్వేలో పాల్గొన్నందుకు ఏమివ్వాలి అన్నప్పుడు మా క్లయింటు ఉదారంగా "ఫ్రీ పాసులు ఇద్దాం సార్" అన్నారు. పాసు ఆశ చూపిస్తే రావాలనుకునేవాడే జవాబిస్తాడు, ఇచ్చేది కూడా పాసు ఇచ్చినాయన మనసెరిగి ఇస్తాడు. అందరికీ ఒకే మొత్తం ఫోన్ రీచార్జ్ ఇచ్చాం. సర్వే ఎవరి కోసమో ఇంటర్వ్యూ ముగిసేదాకా చెప్పలేదు. చివర్లో చెప్పి, ఇష్టం లేకపోతే మీ జవాబులు తీసేస్తాం అన్నాం.

ప్రశ్నలు

మన దగ్గర మర్యాద సర్వేలకు పెద్ద శత్రువు. ఎదురుగా నిలబడి ఒకడు అడుగుతుంటే కాదనడం బాగుండదని "ఆ, బాగానే ఉంటాదన్నా" అనేస్తారు. "ఈ వాక్యంతో ఏకీభవిస్తారా" అన్న మాదిరి ప్రశ్నలు అందుకే ఒక్కటీ పెట్టలేదు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ఇచ్చిన ఆ కొలబద్ద మంచిదే, కానీ ఏకీభవిస్తాను అన్న వైపు జనం సహజంగా జారిపోతారు. బదులుగా రెండు పక్షాలూ చెప్పి అడిగాం. "కొందరు టికెట్టు పెట్టిన కార్యక్రమంలో సినిమా పాటలు కూడా కలిపితేనే వస్తామంటారు. కొందరు కలిపితే రామంటారు. మీరు ఏ వైపు?" రెండింటిలో ఏది ముందు చదవాలో సగం మందికి తిప్పాం. "దీని మీద నాకు అభిప్రాయం లేదు" అన్నదాన్ని కూడా గౌరవంగా ఒక జవాబుగా పెట్టాం.

మాట మారితే జవాబు ఎంత మారుతుందో 1941లో డొనాల్డ్ రగ్ చూపించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను అనుమతించాలా అని అమెరికన్లను అడిగితే 75 శాతం వద్దన్నారు. అదే విషయం నిషేధించాలా అని అడిగితే 54 శాతమే నిషేధించమన్నారు. రాత్రిపూట సౌండ్ గురించి అడిగే చోట ఇది నేరుగా తగులుతుంది. నిషేధించాలా అంటే ఒక ఊరు కనపడుతుంది, అనుమతించాలా అంటే ఇంకో ఊరు. సగం మందికి ఒక మాట, సగం మందికి ఇంకో మాట ఇచ్చి రెండు ఫలితాలూ పక్కపక్కన వేశాం.

జరగని దాన్ని జవాబుల్లో పెట్టకూడదు కూడా. ఆయన ఫామ్‌లో సమయం దగ్గర "తెల్లవార్లూ" అని ఒకటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు, అంతే. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. తెల్లవార్లూ అన్నదాన్ని జనం ఎగబడి ఎంచుకుంటారు, తర్వాత పర్మిషన్ రాకపోతే సర్వేలో మమ్మల్ని మోసం చేశారంటారు. మేం రాసింది: "ఆరుబయట పదింటికి ఆపాలి, మూసిన హాల్లో ఇంకాసేపు నడపొచ్చు. మీకు ఏది మేలు?"

టికెట్టు ధర గురించి "500 పెడతారా" అని అడగలేదు. 1976లో పీటర్ వాన్ వెస్టెండార్ప్ ఇచ్చిన నాలుగు ప్రశ్నలు మన జనానికి చక్కగా అతుకుతాయి. ఎంతైతే చవగ్గా దొరికిందనుకుంటారు, ఎంతైతే ఖరీదు అనిపించినా పెట్టుకుంటారు, ఎంతైతే ఇక వద్దంటారు, ఎంత తక్కువైతే "ఇంత చీప్‌గా ఇస్తున్నాడంటే బాక్సులు పగిలిపోయినవే" అని అనుమానపడతారు. చివరి ప్రశ్నకు ప్రతివాళ్లూ నవ్వారు, ప్రతివాళ్లూ అంకె చెప్పారు. దాని పక్కనే, ఏ సంగీత కార్యక్రమానికైనా చివరిసారి మీ జేబులోంచి ఎంత పెట్టారని కూడా అడిగాం. ఈ రెండో అంకె దగ్గర నవ్వులు లేవు.

ముందుగా కొద్దిమందితో పరీక్ష చేసినప్పుడు ప్రతి ప్రశ్న తర్వాత "ఇది మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని ఆపి ఆపి అడిగాం. లైవ్ కార్యక్రమం అన్నచోట కొందరు ఇన్‌స్టా లైవ్ చూడటం గురించి చెప్పుకుపోయారు. "గత మూడు నెలల్లో" అన్నది ఎవరికీ పట్టలేదు, "సంక్రాంతి తర్వాత" అంటే టకటక చెప్పారు. రొట్టెల పండగను గుర్తుగా పెడదామని ఒకరు సూచించారు. మొహర్రంతో పాటు దాని తేదీ ఏటా మారుతూ ఉంటుంది, పనికిరాదు. సర్వే కాలాన్ని వినాయక చవితికి దూరంగా పెట్టుకున్నాం. నిమజ్జనం అయిన వారానికి అడిగితే ఆ మోత ఇష్టపడ్డవాడి జవాబూ, తలనొప్పి పడ్డవాడి జవాబూ రెండూ ఆ రాత్రి గురించే.

మందు సంగతి

ఇలాంటి కార్యక్రమం అనగానే పోలీసులూ తల్లిదండ్రులూ మొదట అడిగేది మందు, మత్తుపదార్థాల గురించి. ఒక స్పాన్సరు కూడా అడగమన్నారట. మత్తుపదార్థాల ప్రశ్న మేం పెట్టలేదు. ఈడీఎం వినేవాళ్లను మాత్రమే ఆపి ఆ ప్రశ్న అడిగితే, జవాబు ఏం వచ్చినా ప్రశ్నే వాళ్ల మీద ఒక ముద్ర వేసి పోతుంది. క్రికెట్ చూసేవాళ్లని ఎవరూ అలా అడగరు. పైగా ఆ జవాబుతో మా క్లయింటు తీసుకోవాల్సిన నిర్ణయం ఏదీ లేదు.

మందు విషయం వేరు. బార్ పెట్టాలా వద్దా అన్నది ఖర్చుతో కూడిన నిర్ణయం, దానికి జవాబు కావాలి. నేరుగా అడిగితే సగం మంది అబద్ధమే చెప్తారు. స్టాన్లీ వార్నర్ 1965లో మొదలుపెట్టిన ఉపాయం తాలూకు తేలిక రూపం ఒకటి వాడాం. రూపాయి బిళ్ల ఎవరికీ కనపడకుండా ఎగరెయ్యాలి. బొమ్మ పడితే ఏమీ ఆలోచించకుండా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ప్రశ్న: కార్యక్రమానికి వెళ్లినప్పుడు మందు తీసుకుంటారా? ఒకడు అవునన్నాడంటే బొమ్మ పడిందో, నిజమే చెప్తున్నాడో మాకూ తెలీదు, వాళ్ల నాన్నకూ తెలీదు. గుంపు లెక్క మాత్రం తేలుతుంది. ఉదాహరణకు 200 మందిని అడిగితే 130 అవునులు వచ్చాయనుకుందాం. బిళ్ల మూలంగా వచ్చినవి సుమారు వంద. మిగిలిన వందలో నిజంగా అవునన్నవాళ్లు 30, అంటే 30 శాతం.

దీనికి చెల్లించే మూల్యం తక్కువేం కాదు. నేరుగా అడిగితే ఆ 30 శాతం చుట్టూ ఆరు శాతం అటూఇటూ ఊగే చోట, బిళ్లతో అడిగితే పదమూడు శాతం ఊగుతుంది. అబద్ధపు 10 కంటే అటూఇటూ ఊగే 30 నయమని మా లెక్క. జవాబిచ్చినవాళ్లకు మాత్రం ఈ ఆట తెగ నచ్చింది. కొందరు బిళ్ల మళ్లీ ఎగరేస్తామన్నారు, వద్దన్నాం.

ఎంతమంది చాలు

"నా పేజీకి వేలమంది ఉండారు సార్, ఫామ్ పెడితే రెండు రోజుల్లో రెండు వేలు వస్తాయి. మీరు నాలుగొందలకి ఇంత కత పడతా ఉండారు." ఈ మాట ఏ క్లయింటైనా అంటాడు, తప్పు పట్టలేం. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి బ్యాలెట్లు పోస్టులో పంపింది, ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు ఏరింది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్ట్రేషన్లలోంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయో వేరే చెప్పక్కర్లేదు. దానికంటే ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో జార్జ్ గాలప్ సరిగ్గా చెప్పాడు. ఇన్‌స్టా ఫాలోయర్ల జాబితా ఆ కార్ల జాబితాకు మనవడు.

అలాగని 400 అన్న అంకెలో మహిమ ఏమీ లేదు. పూర్తిగా చీటీ తీసి ఎంచుకుంటే 400 మందికి అయిదు శాతం లోపు తేడా వస్తుంది, ఆ తేడా సగానికి తగ్గాలంటే 1600 మందిని అడగాలి. మాది పూర్తి చీటీ శాంపిల్ కాదు. చోట్లు మేం ఊహించి రాసుకున్నవి, కూపన్లు స్నేహాల వెంట పాకినవి. కాబట్టి "ప్లస్ ఆర్ మైనస్ అయిదు" అని కవరు పేజీ మీద వెయ్యలేదు. ఎంతమందిని ఆపితే ఎంతమంది కాదని వెళ్లిపోయారో, ఏ చోట ఎక్కువ వెళ్లిపోయారో వేశాం. స్పాన్సర్లకు ఆ పట్టిక అర్థం కాదని క్లయింటు గొణిగారు. నిజమే, కానీ అర్థమయ్యేవాడు ఒక్కడున్నా ముందు దాన్నే చూస్తాడు.

పట్టికలు వచ్చాక

మొదటి డ్రాఫ్టు చూడగానే ఆయన వేలు పెట్టింది సగటు దగ్గర. సినిమా పాటలు లేని కార్యక్రమం మీకు ఎంత ఇష్టం అన్నదానికి 1 నుంచి 5 దాకా మార్కులు అడిగాం, సగటు నడిమధ్యన పడింది. "అంటే జనం పర్లేదంటా ఉండారు" అని ఆయన తేల్చుకున్నారు. మూడు గుంపుల పట్టిక తీసి చూపించాం. సొంతంగా వెతుక్కుని వినేవాళ్లు 5 దగ్గర గుమిగూడారు, రీమిక్సులవాళ్లు 1 దగ్గర. మధ్యలో 3 ఇచ్చినవాళ్లే బహు తక్కువ. ఆ సగటు నెల్లూరులో ఏ మనిషిదీ కాదు. రీమిక్సులవాళ్లను మొదట్లోనే తీసేసి ఉంటే ఈ సంగీతానికి ఊరంతా 5 వేసినట్టు కనపడేది, ఆయన రిసార్టుకు అడ్వాన్సు కట్టేసేవారు.

ధరల దగ్గర ఇంకో చీలిక వచ్చింది. ఎక్కువ ఇష్టపడే గుంపు చేతిలోనే డబ్బు తక్కువ, చదువుకునేవాళ్లు ఎక్కువ. డబ్బు పెట్టగలవాళ్లు సినిమా పాటలు కావాలంటున్నారు. ఆడపిల్లల జవాబుల్లో సంగీతం కంటే ముందు వచ్చిన మాట తిరుగు ప్రయాణం. మైపాడు నుంచి రాత్రి పదింటి తర్వాత ఊళ్లోకి ఎలా రావాలన్నది ఆయన ఫామ్‌లో లేనే లేని ప్రశ్న.

ఆయన రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత వచ్చి, రిసార్టు ఆలోచన పక్కన పెట్టి, ఊళ్లోనే మూసిన హాల్లో సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించే చిన్న కార్యక్రమం గురించి అడిగారు. దాని మీద మా దగ్గర జవాబు లేదు, మేం అడగలేదు కాబట్టి. చిన్నగా పెట్టి చూడమన్నాం, వచ్చినవాళ్లను కాక రానివాళ్లను అడగడానికి కూపన్ల పద్ధతి మళ్లీ వాడొచ్చన్నాం.

పోతూ పోతూ ఆయన అడిగిన చివరి కోరిక ఫోన్ నంబర్లు. రీచార్జ్ చెయ్యడానికి తీసుకున్న నంబర్లు మా దగ్గర ఉన్నాయి. "ఇంత మంచి లిస్టు సార్, ప్రచారానికి ఇచ్చెయ్యండి, అందరూ ఫ్యాన్సే కదా." ఇవ్వలేదు. వాళ్లు నంబరు ఇచ్చింది రీచార్జ్ కోసం. ఇలా అడుగుతారని తెలిసే ఇంటర్వ్యూ చివర వేరే పేజీ ఒకటి పెట్టాం. ఇలాంటి కార్యక్రమం జరిగితే మీకు కబురు చెయ్యమంటారా, చెయ్యమంటే నంబరు మళ్లీ రాయండి అని. రాసినవాళ్లవి మాత్రం, జవాబులతో ముడి లేకుండా, విడిగా ఇచ్చాం. మిగతావి ఆయన ముందే కంప్యూటర్లోంచి తీసేశాం. ఇచ్చిన జాబితా ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకుని, "ఇంతేనా" అన్నారు. ఇంతే అన్నాం.